నీళ్ళ మీద తేలిన ఓక్ కాయలు

ఆ సెప్టెంబరు తుఫానుకి మా ఇంటి ముందున్న ఓక్ చెట్టు పడిపోయింది. ఇంటి మీద పడలేదు, మేకల దొడ్డి మీద పడలేదు. వాగు వైపు ఒరిగి, ఎవరికీ ఏ హానీ చెయ్యకుండా పడుకుంది. తెల్లారి గాలి తగ్గాక ముగ్గురం తలుపు గడియ తీసుకుని బయటికొచ్చాం. నాన్న నేరుగా మేకల దగ్గరికి పోయాడు. అమ్మ నేరుగా చెట్టు దగ్గరికి పోయింది. ఎవరి వెనక వెళ్ళాలో తెలియక నేను పొయ్యి రాజేసి కాఫీ పెట్టాను.

ఆ రకం ఓక్ మా కొండల కింద, ఈ నాలుగు ఇసుక వాగుల వెంబడి తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదట. ఈ మాట బయటి వాళ్ళు వచ్చి చెప్పేవరకూ మాకు తెలియదు. తెలిశాక కూడా పెద్దగా పట్టించుకోలేదు. మాకు తెలిసిందల్లా ఆగస్టు ఎండలో దాని కింద తప్ప ఇంకెక్కడా మనిషి నిలవలేడని. నాన్న జీనులు కుట్టేది దాని కింద, అమ్మ మేకపాల చీజ్ అచ్చుల్లో నొక్కేది దాని కింద. తిండీ, పనీ, పోట్లాటా అన్నీ అక్కడే. ఇంట్లోకి పడుకోవడానికే వెళ్ళేవాళ్ళం.

మా లోయలో ఓక్ చెట్లన్నీ ముసలివే. పిల్ల చెట్టు ఒక్కటంటే ఒక్కటి కనిపించదు. ఎందుకు కనిపించదో అమ్మకి తెలుసు, నాన్నకీ తెలుసు. నాన్నకి నూట ఇరవై మేకలుండేవి. పొద్దున వదిలితే సాయంత్రం నీళ్ళకి వచ్చేవి, మధ్యలో ఏం తిన్నాయని ఎవరూ అడిగేవాళ్ళు కాదు. మేకని కట్టేసి మేపేవాణ్ణి చూసి మా లోయలో పిల్లలు కూడా నవ్వుతారు.

నాకప్పుడు ఇరవై ఎనిమిదేళ్ళు. మూడు రోజులు అమ్మ ఎప్పటిలాగే పనులు చేసుకుపోయింది. నాలుగో రోజు పొద్దున అటక మీంచి పాత చెక్క పెట్టె దించి, తడిగుడ్డతో తుడిచి, తలుపు పక్కన పెట్టింది. పెళ్ళయి వచ్చినప్పుడు తన బట్టలు తెచ్చుకున్న పెట్టె అది. తర్వాత పొయ్యి దగ్గర కూర్చుని తోర్తియా రొట్టెలు కాలుస్తూ చెప్పింది.

"నేను సాంతియాగో ఊరికి పోతున్నా, మా చెల్లెలి దగ్గరికి."

"ఎన్నాళ్ళకి?" అన్నాడు నాన్న.

"పోతున్నా అన్నా. వస్తా అన్లేదు."

నాన్న నోట్లో ముద్ద అట్టాగే ఉండిపోయింది. "చెట్టు పడిందని ఇల్లొదిలి పోతారా ఎవరైనా? నీకేమైనా మతి పోయిందా ఎఫ్రాసియా?"

"ముప్పై ఏడేళ్ళు ఆ చెట్టు నీడన బతికా లిబ్రాదో. నీ నీడన కాదు." అమ్మ గొంతు పెంచలేదు, తోర్తియా తిరగేసింది. "ఇది ముసల్దయింది, ఇంకోటి లేపుదామని ఎన్నిసార్లు మొత్తుకున్నా? మూడు మొక్కలు పెంచా. మూడూ నీ మేకలకే పెట్టా. చెలో పుట్టినప్పుడు నాటింది మోకాలెత్తు వచ్చింది. కపితానా దాన్ని మొదలంటా కొరుక్కు తింటుంటే నువ్వేం చేశావో గుర్తుందా?"

కపితానా అంటే మందకి ముందు నడిచే గంట మేక. అది చచ్చి చాలా ఏళ్ళయింది. నాన్న కాఫీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు.

"నవ్వావు," అంది అమ్మ. "దీనికి రుచి తెలుసే అని పగలబడి నవ్వావు. నేను పిల్లని చంకనేసుకుని అక్కడే నిలబడున్నా."

చంకన ఉన్న ఆ పిల్లని నేనే. నాకా సంగతి అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. నాకు అమ్మ మీద జాలేసింది, నాన్న మీద కోపమొచ్చింది, చీజ్ అచ్చులు కడగడానికి లేచిపోయాను.

వెంటనే పోవడానికి దారి లేదు. తుఫానుకి వాగు రోడ్డుని రెండు చోట్ల కోసేసింది, చీజ్ తీసుకుపోయే బండి నవంబరు దాకా రాదన్నారు. "మంచిదే," అంది అమ్మ. "చనిపోయినవాళ్ళ పండక్కి అత్తమామల సమాధుల మీద దీపాలు పెట్టి పోతా. ఆ తర్వాత వచ్చే మొదటి శనివారం బండెక్కుతా."

మర్నాడు నాన్న జీను పని పక్కన పెట్టి, పడిపోయిన చెట్టు కొమ్మల మధ్యకి దూరాడు. ఆ ఏడు చెట్టు విరగకాసింది. సన్నగా, మొనదేలి, చిటికెన వేలంత కాయలు. రెండు రోజులు నడుం వంచి ఏరాడు. పందికేమో అనుకున్నాను. కాదు. ఉప్పుకండ, చీజ్ ఆరబెట్టే మంచె ఎక్కి, రెల్లు తడక మీద కాయల్ని ఒక్కొక్కటీ తగలకుండా పరిచాడు.

"ఏంటి నాన్నా ఇదీ?"

"విత్తనానికి," అన్నాడు, నా వైపు చూడకుండా.

మా నాన్న తన చేత్తో చెట్టు విత్తనం దాచడం నా జన్మలో చూడలేదు. మా వాళ్ళకి దాచడమంటే ఎండబెట్టడమే. మాంసమైనా, మిరపకాయైనా, అంజూరమైనా, తడి ఉంటే పాడవుతుంది, ఎండితే నిలుస్తుంది. మొక్కజొన్న విత్తనం, చిక్కుడు విత్తనం గలగలమనేదాకా ఎండబెట్టి, బూడిద కలిపి సొరకాయ బుర్రలో పోసి మూతికి మైనం పెడతాం. నాన్న ఆ కాయలకి అదే మర్యాద చేశాడు. రోజూ మధ్యాహ్నం మంచె ఎక్కి చేత్తో తిరగేసేవాడు. సాయంత్రం మంచు పడకుండా చాప కప్పేవాడు. మొక్కల నాటుకి నవంబరులో పెరిగే చంద్రుడు మంచిదని, అప్పటిదాకా ఆగాలని నాతో చెప్పాడు. నాతో చెప్పాడంటే అమ్మకి వినపడేట్టు చెప్పాడని.

తోళ్ళు పదును చేసే తాచో మామ ఒకరోజు కాఫీకి వచ్చి మంచె కేసి చూసి వేళాకోళం మొదలుపెట్టాడు. "ఏంది లిబ్రాదో, ఈ ఏడు ఓక్ కాయల ఉప్పుకండ పెడుతున్నావా? నిమ్మకాయ పిండుకుని తింటారా దీన్ని?"

"నీకు పెట్టంలే, భయపడమాక," అన్నాడు నాన్న.

అమ్మ విననట్టే ఉంది. కానీ ఒక మధ్యాహ్నం నాన్న లేనప్పుడు నిచ్చెనెక్కి, ఒక కాయ తీసి గోటితో నొక్కి చూసి, ఇంకా ఎండాలన్నట్టు మళ్ళీ తడక మీద పెట్టడం నేను చూశాను. ఆవిడ అంతకుముందు నాటినవన్నీ వానకి చెట్టు కిందే పగిలి మొలకెత్తినవి. ఓక్ కాయని దాచడం ఎట్టాగో ఆవిడకీ తెలియదు. పెట్టెలో అప్పటికి రెండు శాలువాలూ ఒక దువ్వెనా పడ్డాయి. ఆ తర్వాత నెలరోజులు అందులో ఇంకేమీ పడలేదు. ఆ నెల నాకు బాగా గడిచింది. అమ్మ ఉండిపోతుందని నమ్మకం కుదిరింది.

పండగ వెళ్ళిన గురువారం ఒతీలియా గారు వచ్చారు. యాభై దాటిన మనిషి, కొండ మీద అడవి శాఖ వాళ్ళ మొక్కల తోట చూసేది. ఓక్ కాయల కోసం ఏటా కంచరగాడిద మీద మా వాగులన్నీ తిరుగుతుంది. పడిపోయిన చెట్టు చూసి టోపీ తీసి కాసేపు నిలబడింది.

"ఈ ఏడు లోయలో ఇంకే చెట్టూ కాయలేదు లిబ్రాదో గారూ. నాలుగు రోజులుగా తిరుగుతున్నా. ఇదొక్కటే కాసిందంటున్నారు. కాయలేమైనా మిగిలాయా?"

నాన్న లోపలికి వెళ్ళి సొరకాయ బుర్ర పట్టుకొచ్చాడు. పెళ్ళికి నగ తెచ్చినట్టు తెచ్చాడు. చెవి దగ్గర పెట్టి ఆడించాడు. గలగలమంది.

ఒతీలియా గారి ముఖంలో నవ్వు పోయింది. "ఎప్పుడు ఏరారు?"

"తుఫాను వెళ్ళిన వారానికే. బంగారంలా ఎండినయ్. ఒక్క పురుగు లేదు, చూడండి."

"ఒక బకెట్టు నీళ్ళు తెప్పించండి."

నేనే తెచ్చాను. ఆవిడ బుర్ర వంచి కాయలన్నీ అందులో పోసింది. అన్నీ తేలాయి. చేత్తో అడుక్కి నొక్కింది. చెయ్యి తియ్యగానే మళ్ళీ పైకి వచ్చాయి. ఒక్కటైనా మునుగుతుందేమోనని నలుగురం బకెట్టు మీదికి వంగి చూశాం.

"మొక్కజొన్న ఎండితే నిద్రపోద్ది. నీళ్ళు పడితే లేస్తది," అంది ఆవిడ నెమ్మదిగా. "ఇది అట్టా కాదు. ఓక్ కాయకి తడే ప్రాణం. ఎండి నీళ్ళ మీద తేలిందా, పోయినట్టే. ఏరిన వారంలోపల తడిమట్టిలో పెట్టెయ్యాలి. మీ తప్పు కాదు, చెప్పేవాళ్ళు లేక."

"అడివిలో యాడైనా మొలకుంటే చెప్పండి, తవ్వి తెస్తా," అన్నాడు నాన్న.

"మొలకలు లేవు కాబట్టే కదా నేను తిరిగేది. ఉన్నా తవ్వకూడదు. పైన జానెడుంటే కింద వేరు మూరెడుంటది. అది తెగితే ఇక బతకదు. ఎక్కడ మొలిస్తే అక్కడే పెరగాలి."

నాన్న చెయ్యి బకెట్టులోనే ఉంది. ఆ చేత్తో నెలరోజులు వాటిని తిప్పాడు. అమ్మ వచ్చి, బకెట్టు పక్కకి జరిపి, ఆయన చెయ్యి తన పైగుడ్డతో తుడిచింది.

"మంచికే చేశావులే," అంది. తిట్టి ఉంటే బాగుండేది. "చెలో, ఆ కాయలు పందికి పెట్టెయ్."

లోపలికి వెళ్ళి పెట్టె సర్దడం మొదలుపెట్టింది. ఈసారి చెప్పులు కూడా పెట్టింది. రోడ్డు బాగుపడింది, శనివారం బండి వస్తుందని ఒతీలియా గారే చెప్పి వెళ్ళారు.

శుక్రవారం సాయంత్రం నేను మేకల దొడ్లో నీళ్ళ తొట్టి కడుగుతున్నాను. మా తాత ఒక పెద్ద మాను తొలిచి చేసిన తొట్టి అది, బావి పక్కనే రెండు రాళ్ళ మీద ఉంటుంది. ఒక కొస ఎప్పుడూ కారుతుంది. కారే చోట నాచు పీకుదామని వంగితే, తొట్టి కింద చీకట్లో పాలిపోయిన కాడ ఒకటి వెలుగు వైపు మెడ సాచి కనిపించింది. నాలుగు ఆకులు. బోర్లా పడుకుని లోపలికి చూశాను. నల్లబడిన ఓక్ కాయ తొక్క ఇంకా దాని కాలికి అంటుకునే ఉంది. తుఫాను నీటికి కొట్టుకొచ్చి అక్కడ ఇరుక్కుని ఉంటుంది. మేక మూతి పట్టనంత సందు కాబట్టి బతికింది.

పరుగున వెళ్ళి నాన్నని పిలుచుకొచ్చాను. అరవై నాలుగేళ్ళ మనిషి పేడలో బోర్లా పడుకున్నాడు. టోపీ దొర్లిపోయింది. చాలాసేపు లేవలేదు.

"తొట్టి తీస్తే?" అన్నాడు అక్కణ్ణించే.

"వెలుగొస్తది. మేకలూ వస్తాయి."

"తియ్యకపోతే?"

"వెలుగు లేక పోద్ది."

నాన్న లేచాడు. మోకాళ్ళు దులుపుకుని టోపీ పెట్టుకున్నాడు. దొడ్డి చుట్టూ ఒకసారి చూశాడు. ఆ గుంజలు వాళ్ళ నాన్న పాతినవి. బావి అక్కడే, తొట్టి అక్కడే, నూట ఇరవై మేకలకి సాయంత్రం అయ్యేసరికి దారి అక్కడికే.

"మేకలకి నీళ్ళేళయింది," అని వెళ్ళి దొడ్డి తలుపు తీశాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "నాన్నా, నీదసలు రాయా, గుండెనా?" అని మొహం మీదే అడిగాను. అమ్మకి చెప్పకూడదని అప్పుడే నిశ్చయించుకున్నాను. చెప్తే ఆవిడ నాలుగో మొక్కని కూడా మేకలకి పెట్టి వెళ్ళినట్టవుతుంది. మేకలు నీళ్ళు తాగినంతసేపూ ఒక కర్ర పట్టుకుని ఆ కారే కొస దగ్గర కూర్చున్నాను.

శనివారం తెల్లవారుతుండగా గునపం చప్పుడుకి మెలకువ వచ్చింది. బయటికొచ్చి చూస్తే సగం దొడ్డి లేదు. నాన్న గుంజల్ని ఒక్కొక్కటే పెకలించి ఒక పక్క పేరుస్తున్నాడు. చొక్కా అప్పటికే తడిసిపోయింది. మేకలు లేవు. వాగు అవతల గట్టు మీద గంట వినిపిస్తోంది.

తోళ్ళు బండికెత్తడానికి వచ్చిన తాచో మామ కంచరగాడిద మీద కూర్చునే నోరెళ్ళబెట్టాడు. "ఇదేం పనిరా లిబ్రాదో? తుఫాను వదిలేసింది నువ్వు పీకుతున్నావా?"

"దొడ్డి అవతలి గట్టుకి మారుస్తున్నా."

"అవతల నీళ్ళు లేవు కదరా!"

"మోస్తా."

"నూట ఇరవై మేకలకా? నీ నడుం ఏం కావాలి?"

"నలభైకే. మిగతావి పంచేస్తున్నా. నీకు కావాల్సినన్ని తోలుకుపో." నాన్న గునపం కింద పెట్టాడు. "దిగి, మాటలాపి ఈ తొట్టి ఆ కొస పట్టు. నిదానం. కింద మొలకుంది."

తాచో మామ దిగి ఆ కొస పట్టుకున్నాడు. ముగ్గురం తొట్టి ఎత్తాం. ఎత్తి పక్కకి దించేసరికి నాన్న రొప్పుతున్నాడు. మొలక ఎండలో మొదటిసారి కనిపించింది, రోగం నుంచి లేచిన పిల్లలా తెల్లగా, ఒక పక్కకి వాలి.

తలెత్తి చూస్తే అమ్మ గుమ్మంలో ఉంది. నల్ల శాలువా, ఊరికి వెళ్ళే చెప్పులు, జుట్టు నున్నగా దువ్వుకుని. పెట్టె వసారాలో తాడుతో కట్టి ఉంది. దూరంగా రోడ్డు మీద బండి హారన్ కొట్టింది. అమ్మ మెట్లు దిగి, గుంజలు పీకిన గుంతల మధ్య నుంచి నడిచి వచ్చి మొలక ముందు నిలబడింది. వంగి ఒక ఆకు వెనక వైపు వేలితో తాకింది. ఓక్ ఆకేనని తెలుసుకోవడానికి ఆవిడకి ఆ తాకిడి చాలు.

నాన్న ఆవిడ వైపు చూడలేదు. మొలకతోనే మాట్లాడుతున్నట్టు మాట్లాడాడు.

"కోళ్ళు పెళ్ళగిస్తాయి. చుట్టూ ఏదైనా అడ్డం పెట్టాలి." అటూ ఇటూ వెతికినట్టు చూశాడు. "చెక్కదైతే మంచిది. నీ పెట్టె..." అని ఆపేశాడు.

"దాంట్లో బట్టలున్నాయి," అంది అమ్మ.

"తీస్తే పోద్దిగా."

బండి మళ్ళీ హారన్ కొట్టింది. తాచో మామ తన తోళ్ళ కట్ట సర్దుకుంటూ ఎటో చూస్తున్నాడు.

"అడుగు పలక ఊడగొట్టాలి," అంది అమ్మ చివరికి. "చెలో, సుత్తి పట్రా. బండి వాడికి చీజ్ ఒక్కటే ఎక్కించమని చెప్పు."

ఇది జరిగి పదిహేనేళ్ళయింది. ఆ తర్వాత నాన్న రోజుకి పదిసార్లు వాగు దాటి నీళ్ళు మోశాడు, ఒక్కరోజు కూడా విసుక్కోలేదని చెప్పను, తిట్టుకుంటూనే మోశాడు. చీజ్ తగ్గింది, జీనుల పని పెరిగింది. చెట్టు ఇప్పుడు ఇంటి చూరు దాటింది. మొన్న ఒతీలియా గారి మనుషులు వచ్చి దానికి రేకు బిళ్ళ కట్టి, ఫొటో తీసుకుని వెళ్ళారు.

కానీ నాకు ఎక్కువగా గుర్తుకొచ్చేది ఆ శనివారం మధ్యాహ్నమే. బండి వెళ్ళిపోయింది. పెట్టె నాలుగు పలకలతో మొలక చుట్టూ నిలబడింది. నాన్న ఇంట్లోకి వెళ్ళి, పడిన చెట్టు కింద అమ్మ ఎప్పుడూ కూర్చునే తోలు కుర్చీ మోసుకొచ్చి, పెట్టె పక్కన వేశాడు.

"కూర్చో."

"ఈ ఎండలోనా?" అంది అమ్మ. అయినా చిక్కుడుకాయల పళ్ళెం తెచ్చుకుని కూర్చుంది. నవంబరైనా మా ఎండ ఎండే.

నాన్న అటు తిరిగి, ఇటు తిరిగి, చివరికి సూర్యుడికీ ఆవిడకీ మధ్య వచ్చి నిలబడ్డాడు. టోపీతో సహా ఆయన నీడ అమ్మ ఒళ్ళో పళ్ళెం మీద, మొలక మీద పడింది. చేతులు వెనక్కి కట్టుకుని వాగు అవతలికి చూస్తున్నాడు.

అమ్మ రెండు కాయలు ఒలిచి తలెత్తింది. "ఏం చూస్తున్నావ్?"

"మేకల్ని," అన్నాడు నాన్న.

"సరే, కదలమాక," అంది అమ్మ.